జీతం అంకె చూసి సంతకం పెట్టించకండి

కడప, కర్నూలు జిల్లాల్లో పైలట్ లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్లలో అదృష్టవంతులకు రెండు విమాన కంపెనీల నుంచి ఒకేసారి ఆఫర్లు వస్తుంటాయి. అప్పుడు ఇంట్లో జరిగే పంచాయితీలో తీర్పు మాత్రం ముందే ఖాయమై ఉంటుంది. "ఎక్కువ ఇచ్చేదానికే పోరా అబ్బీ. దుడ్లుంటే అన్నీ అయితాయి. బాగలేకుంటే రెండేండ్లకు మారుదువులే" అంటాడు చిన్నాయన. ఫ్లయింగ్ స్కూల్లో ముందు బ్యాచ్ కుర్రవాడూ అదే అంటాడు. దానికి తోడు ఇంకో మాట కలుపుతాడు: "ప్రొపెల్లర్ విమానం మనకెందుకు, జెట్ ఎక్కు."

ఈ సలహా చెప్పేవాళ్లంతా ఆ పిల్లవాడి మేలు కోరేవాళ్లే. అయినా ఇది తప్పుడు సలహా. అప్పు చేసి చదివించిన ఇంటికి ఇది మరీ ప్రమాదం. ఆఫర్ లెటర్ మీద కనిపించే అంకె, కంపెనీకి అన్నీ కలిసొచ్చిన నెలలో వచ్చే జీతం. పైలట్ బతుకు నిలబడేదీ కూలేదీ చెడ్డ నెలలో వచ్చే జీతం మీద. రెండు ఆఫర్లు పోల్చాలంటే ఆ రెండో అంకెతోనే పోల్చాలి.

గత వేసవిలో ప్రొద్దుటూరులో దగ్గరి బంధువుల ఇంట్లో అలాంటి రెండు లెటర్లు నా చేతికిచ్చారు. తండ్రికి బట్టల అంగడి. కొడుకు శిక్షణ కోసం ఊరవతల ఉన్న స్థలం, అంగడి కాగితాలు బ్యాంకులో పెట్టాడు. రెండు లెటర్లలోనూ మొదటి పేజీలో జీతం అంకె ఉంది. ఆయన పెన్నుతో ఎక్కువున్న అంకె చుట్టూ గుండ్రంగా గీసి పెట్టుకున్నాడు. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పే పట్టిక నాలుగో పేజీలో ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. పిన్ను గుచ్చిన చోట మడత కూడా పడలేదు.

నాలుగో పేజీలో ఏముంటుందో చెప్తాను. వాళ్ల ఇంటి లెక్కలు బయటపెట్టడం న్యాయం కాదు గనుక గుండ్రటి అంకెలతో ఊహించుకుందాం. మొదటి కంపెనీ నెలకు 3 లక్షలంటుంది. అందులో స్థిరమైన జీతం 1.4 లక్షలు. మిగతా 1.6 లక్షలు గంటకు 2 వేల చొప్పున 80 గంటలు ఎగిరితే వచ్చేవి. ఎగరకపోయినా ఇస్తామని హామీ ఇచ్చింది 40 గంటలకే. రెండో కంపెనీ 2.6 లక్షలంటుంది. స్థిరమైన జీతం 1.2 లక్షలు, గంటకు అదే 2 వేలు. కానీ హామీ 70 గంటలకు. విమానాలు నేల మీద ఉండిపోయిన నెలలో మొదటి కంపెనీ పైలట్‌కు వచ్చేది 2.2 లక్షలు. రెండో కంపెనీ వాడికి వచ్చేది అదే 2.6 లక్షలు. పెన్నుతో గీసిన గుండ్రం ఆ నెలలో పక్క లెటర్ మీదికి పోయింది.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఏ పైలటూ ఏడాదిలో 1000 గంటలకు మించి ఎగరకూడదన్నది దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. నెలకు 80 గంటలంటే ఏడాదికి 960. సెలవు లేకుండా, జబ్బు పడకుండా, సిమ్యులేటర్ పరీక్షలకు రోజులు పోకుండా, పన్నెండు నెలలూ చట్టం అనుమతించే అంచున ఎగిరితే తప్ప లెటర్ మీద రాసిన జీతం రాదు. అంత ఎగిరినవాడి ఒళ్లు ఏమవుతుందో లెటర్‌లో రాయరు.

అప్పు సంగతికి వస్తాను, ఎందుకంటే అవతలి పక్షం చేతిలో ఉన్న గట్టి వాదన అదే. "కోటి రూపాయల అప్పు నెత్తిన పెట్టుకున్నోళ్లం, మాకు ఈ సన్నలెక్కలు ఎందుకు? ఎక్కువొస్తే తొందరగా తీరిపోతుంది" అంటారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఆపైన ఎయిర్‌బస్ లాంటి ఒక రకం విమానానికి టైప్ రేటింగ్ తీసుకోవాలి. అన్నీ కలిపితే కోటి దగ్గరికి చేరడం నిజమే. 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఆ కోటికి నెలకు సుమారు 1.38 లక్షల వాయిదా పడుతుంది. ఈ వాయిదా మంచి నెల, చెడ్డ నెల అని చూడదు. ప్రతి నెలా అదే తేదీన ఖాతాలో ఉండాలి. పైన చెప్పిన మొదటి కంపెనీలో చెడ్డ నెలకు పన్ను కట్టకముందే మిగిలేది 82 వేలు. రెండో కంపెనీలో 1.22 లక్షలు. అప్పున్న ఇంటికి కావాల్సింది తప్పని జీతం. అప్పు లేనివాడు కావాలంటే పెద్ద అంకె మీద పందెం కాసుకోవచ్చు.

చెడ్డ నెల ఎప్పుడో వస్తుంది, అంతవరకూ సంపాదించుకోవచ్చు అనేవాళ్లు కడప విమానాశ్రయం చరిత్ర ఒక్కసారి చూడాలి. 2015 జూన్‌లో కడపలో విమానాలు మొదలైనప్పుడు వచ్చింది బెంగళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్. మరుసటి ఏడాది జులైలోనే ఆ కంపెనీ ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ల రూట్లకు ప్రభుత్వం సాయమిచ్చే ఉడాన్ పథకం కింద, కడప–హైదరాబాద్ విమానాన్ని ప్రధాని సిమ్లా నుంచి ప్రారంభించారు. అది హైదరాబాద్‌లో పుట్టిన ట్రూజెట్‌ది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా ఆగింది. అదే ఏడాది మార్చి చివర ఇండిగో వచ్చింది. ఏడేళ్ల లోపు ఒకే రన్‌వే మీద మూడు కంపెనీలు, వాటిలో రెండు ఇప్పుడు లేవు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి చివర మూతపడింది. వీటిలో కాక్‌పిట్ ఎక్కిన ప్రతి పైలటూ ఒకప్పుడు ఆఫర్ లెటర్ చూసి సంతోషపడినవాడే.

చిన్న కంపెనీలు అంతే, పెద్దదాంట్లో చేరితే భయం లేదనేవాళ్లకూ జవాబు ఉంది. కింగ్‌ఫిషర్ చిన్నది కాదు. నెలల తరబడి జీతాలివ్వలేదు, 2012 అక్టోబరులో దాని లైసెన్సు సస్పెండైంది. వందకు పైగా విమానాలు నడిపిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కు ఆదేశించింది.

అన్నిటికంటే గట్టి రుజువు గో ఫస్ట్. 2023 మే మొదట్లో దివాలా పిటిషన్ వేసి విమానాలు ఆపేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే పైలట్లు వెళ్లిపోకుండా ఉండేందుకు కెప్టెన్లకు నెలకు లక్ష, ఫస్ట్ ఆఫీసర్లకు 50 వేలు అదనంగా ఇస్తామని ప్రకటించింది. రాజీనామా చేసినవాళ్లు జూన్ 15 లోపు వెనక్కి తీసుకుంటే వాళ్లకూ ఇస్తామంది. ఆ కంపెనీ విమానం ప్రయాణికులతో మళ్లీ గాల్లోకి లేవలేదు. 2025 జనవరిలో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. "ఎక్కువ ఇచ్చేదానికే పో" అనే సూత్రం పాటించినవాడు 2023 జూన్‌లో ఎక్కడ ఉండిపోయి ఉండేవాడో ఆలోచించండి. కంపెనీ మామూలు కంటే ఎక్కువ ఇస్తానన్నప్పుడు ఎందుకిస్తోందని అడగాలి. మనుషులు నిలవకనా? ఒప్పందంలో మరోచోట కోసుకుంటోందనా? నిజంగా విస్తరిస్తోందనా? మూడింటికీ అంకె ఒకేలా కనిపిస్తుంది.

గో ఫస్ట్ విమానాల్లో దాదాపు సగం ఇంజిన్లు లేక నేల మీద ఉండిపోయాయి. అవే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల వల్ల ఇండిగో విమానాలూ డజన్ల కొద్దీ నిలిచిపోయాయి. ఒకటి మునిగింది, ఒకటి తట్టుకుంది. తేడా ఎక్కడుంది? చేతిలో ఉన్న నగదులో, ఇంకా ఎగురుతున్న విమానాల సంఖ్యలో. ఇవి రహస్యాలు కావు. మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయితే మూడు నెలలకోసారి లెక్కలు బయటపెడుతుంది. ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, ఎన్ని పక్కన పెట్టారు, అద్దెకిచ్చినవాళ్లు కోర్టుకెక్కారా, ఉద్యోగుల పీఎఫ్ సకాలంలో కడుతున్నారా అన్నది ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. ప్రాంతీయ కంపెనీ అయితే ఇంకో ప్రశ్న: దాని రూట్లలో ఎన్ని ఉడాన్ సాయం మీద నడుస్తున్నాయి? ఆ సాయం మూడేళ్లే. ప్రాంతీయ రూట్ల సంగతి మన దగ్గరే చూడొచ్చు: కర్నూలులో, ఓర్వకల్లు విమానాశ్రయంలో, 2021 మార్చి 28న సర్వీసులు మొదలయ్యాయి. రాష్ట్రంలోనే ఉన్న విజయవాడకు విమానం ఎక్కడానికి కర్నూలు జనం 2025 జులై దాకా ఆగాల్సి వచ్చింది. రూటు ఉంటుందో పోతుందో తెలియని చోట ఎగిరే గంటలకూ గ్యారంటీ ఉండదు.

ఒప్పందం మనం చేరినప్పటిలాగే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2024 మార్చి చివరా ఏప్రిల్ మొదటా విస్తారా విమానాలు వరసగా రద్దయ్యాయి. ఎయిరిండియాలో విలీనం కాబోతున్న ఆ కంపెనీ పైలట్ల ముందు కొత్త ఒప్పందం పెట్టారు. హామీ గంటలు 70 నుంచి 40కి తగ్గాయి. చాలామంది జబ్బు సెలవు పెట్టారు. వాళ్లు విస్తారాను ఎంచుకున్నప్పుడు తప్పు చేయలేదు. కానీ కంపెనీ చేతులు మారితే గంటల హామీ మారుతుందని ఆ ఉదంతం చూపించింది. అందుకే హామీ ఎన్ని గంటలన్నది ఒక్కటే తెలుసుకుంటే చాలదు. దాన్ని ఏకపక్షంగా మార్చే హక్కు కంపెనీకి ఉందా లేదా అన్నది ఒప్పందంలో వెతకాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జీతాలు కోసినా, జీతం లేని సెలవు పెట్టించినా, కంపెనీలకు దారి చూపించింది ఇలాంటి వాక్యాలే.

ఇక "బాగలేకుంటే మారుదువులే" అన్న మాట. ఈ మాట చెప్పేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని మనసులో పెట్టుకుని చెప్తారు. పైలట్‌కు ఆ వెసులుబాటు లేదు. డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ మానేయాలంటే ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ అయితే ఆరు నెలలు నోటీసు పనిచేయాలి. దానిమీద శిక్షణ బాండు ఉంటే ఆ లెక్క వేరు. నోటీసు లేకుండా వెళ్లిపోతే ఏమవుతుందో 2023లో ఆకాశ ఎయిర్ వదిలిన పైలట్లు చూశారు. కంపెనీ నష్టపరిహారం కోరుతూ బొంబాయి హైకోర్టుకు ఈడ్చింది.

నోటీసు కన్నా పెద్ద నష్టం సీనియారిటీ. విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడి సీటు నుంచి కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకు ఎప్పుడు మారతావన్నది, ఏ ఊరు బేస్ ఇస్తారన్నది, పండక్కి సెలవు దొరుకుతుందా అన్నది, చాలావరకు ఆ జాబితాలో నీ స్థానం మీద ఆధారపడి ఉంటుంది. ఫస్ట్ ఆఫీసర్ కంపెనీ మారితే ఆ జాబితాలో కొత్తగా చివరన నిలబడాలి. నెలకు 40 వేలు ఎక్కువొస్తుందని మారినవాడు కెప్టెన్ కావడం రెండేళ్లు వెనక్కి పోతే, కెప్టెన్‌కూ ఫస్ట్ ఆఫీసర్‌కూ జీతంలో ఉన్న తేడాను రెండేళ్లకు గుణించుకుని చూడాలి. ఆ నష్టం ముందు ఈ 40 వేలు నిలవవు. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 1500 గంటలు కావాలి. ఆ గంటలు ఎక్కడ తొందరగా నిండుతాయి, నిండాక అప్‌గ్రేడ్‌కు ఎంతమంది క్యూలో ఉన్నారు అన్నది ఇంటర్వ్యూలో మొహం మీద అడగాల్సిన ప్రశ్న. మన పిల్లలు అడగరు. అడిగితే ఆఫర్ పోతుందేమోనని పెద్దలు వద్దంటారు. ఆఫర్ ఇచ్చాక ప్రశ్న అడిగినందుకు వెనక్కి తీసుకునే కంపెనీ అయితే, అలాంటి దాంట్లో చేరకపోవడమే మేలు.

"జెట్ ఎక్కు, ప్రొపెల్లర్ వద్దు" అనే మాటలో కొంత నిజం ఉంది. గల్ఫ్ కంపెనీలు జెట్ అనుభవం అడుగుతాయి. ప్రొపెల్లర్ విమానమైన ఏటీఆర్ టైప్ రేటింగ్ ఎయిర్‌బస్‌కు పనికిరాదు. కానీ ఆ మాట వెనక ఉన్న చిన్నచూపు తప్పు. కడపలో, కర్నూలులో ఇప్పుడు దిగే ఇండిగో విమానాలు ఏటీఆర్ 72లే. ఓర్వకల్లు రన్‌వే 2000 మీటర్లు. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజిన్ బలం తగ్గి, ఎంత బరువుతో లేవచ్చో లెక్క కట్టుకుని లేవాలి. ఏటీఆర్ పైలట్ ఒక్క రోజులో నాలుగైదు సార్లు లేచి నాలుగైదు సార్లు దిగుతాడు. దూరప్రయాణం జెట్‌లో కుడి సీటులో కూర్చున్నవాడికి అన్ని ల్యాండింగులు రావడానికి వారాలు పడతాయి. చేతికి పని నేర్పే మొదటి మూడేళ్లలో ఏది విలువైనదో నాకైతే సందేహం లేదు. నిలకడున్న కంపెనీ ఏటీఆర్ ఇస్తే, ఊగిసలాడే కంపెనీ జెట్ ఇస్తే, ఏటీఆర్ తీసుకోవాలి. జెట్‌కు ఎప్పుడు మారుస్తారో మాత్రం కాగితం మీద రాయించుకోవాలి.

మన ప్రాంతానికి ఈ తెలివి కొత్తది కాదు. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌తో సంబంధం లేని వీధి దొరకదు. వీసా వచ్చిందనగానే ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఏం అడుగుతారో వినండి. "సేఠ్ ఎట్లాటోడు? జీతం నెలనెలా ఇస్తాడా? అకామా (అక్కడ ఉండే అనుమతి) కొట్టిస్తాడా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర పెట్టుకుంటాడు?" ఎన్ని దినార్లన్నది ఆ తర్వాతే వస్తుంది. ఎక్కువ దినార్లకు ఆశపడి పోయి, జీతం రాక, పాస్‌పోర్టు చేతిలో లేక ఇరుక్కున్నవాళ్లను వాళ్లు కళ్లారా చూశారు. ఇంటిపనికీ డ్రైవరు పనికీ పోయేవాళ్లు అడిగే ఆ నాలుగు ప్రశ్నలు కాక్‌పిట్‌కు పోయే కొడుకు విషయంలో ఎందుకు మరిచిపోతున్నాం? యూనిఫాం మీద బంగారు గీతలు చూసి, ఇంత పెద్ద ఉద్యోగంలో మోసం ఉండదనుకుంటున్నాం. గీతలు ఎన్నున్నా అతను జీతగాడే, సేఠ్‌ను బట్టే అతని బతుకు.

గల్ఫ్ విమాన కంపెనీల మీద ఉన్న మోజుకూ ఇదే వర్తిస్తుంది. పన్ను లేని జీతం, కంపెనీ ఇల్లు, పిల్లల చదువు ఖర్చు: అన్నీ నిజాలే. 2020లో ఎమిరేట్స్ వందల మంది పైలట్లను ఇంటికి పంపిందన్నదీ నిజమే. అక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇల్లు ఖాళీ చేయాలి, బడి మధ్యలో పిల్లలను తీసుకురావాలి. పోవద్దని నేననను. ఆ ప్రమాదానికి కూడా ధర కట్టి పోల్చమంటాను.

ఇప్పుడు పైలట్లకు గిరాకీ ఉంది గనుక ఎక్కువ పిండుకోవాలి అనే వాదన 2025 డిసెంబరు తర్వాత ఇంకా బలపడింది. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించాలని కొత్త నిబంధనలు వచ్చాయి. వాటికి సరిపడా ఏర్పాట్లు చేసుకోని ఇండిగో ఆ నెల మొదటి వారంలో వేల విమానాలు రద్దు చేసింది. ఇంత పెద్ద కంపెనీ పైలట్లు చాలక ఆగిపోయిందంటే మన బేరం బలం పెరిగిందన్నది ఒప్పుకుంటాను. ఆ బలాన్ని దేనికి వాడాలన్నదే నా తగువు. నెలకు ఇంకో 20 వేలకు వాడితే అది ఏడాదిలో కరిగిపోతుంది. హామీ గంటలకు, రోస్టర్ ఎన్ని రోజుల ముందు ఇస్తారన్నదానికి, బేస్‌కు వాడితే పదేళ్లు నిలుస్తుంది.

బేస్ అంటే మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. "యాడైతే ఏముంది, విమానంలోనే కదా ఉండేది" అంటారు. రాయలసీమ పైలట్‌కు ఉన్న ఒక వరం ఏమిటంటే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడూ చుట్టూ ఉన్నాయి, మూడూ పెద్ద విమానాశ్రయాలే. కర్నూలు నుంచి హైదరాబాద్ నాలుగు గంటల దారి. వారానికి రెండు రోజుల విశ్రాంతి చట్టం ఇస్తే, బెంగళూరు బేస్ ఉన్నవాడు ఆ రెండు రోజులు కడపలో అమ్మానాన్నల దగ్గర గడుపుతాడు. ఢిల్లీ బేస్ ఉన్నవాడికి అందులో ఒక రోజు ప్రయాణానికే పోతుంది. రోగాల వయసులో ఉన్న తల్లిదండ్రులకు దీని విలువ ఎంతో ఏ జీతం పట్టికలోనూ దొరకదు.

ఒకే ఆఫర్ ఉన్నవాడికి నా వాదన వర్తించదని కూడా చెప్పాలి. లైసెన్సు చేతపట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. వచ్చిన ఒక్కదాన్ని కాదనుకోమని వాళ్లకు చెప్పడం అన్యాయం. చేరాల్సిందే. కానీ చేరేముందు నాలుగో పేజీ చదివి చేరితే, చెడ్డ నెలకు ఎంత దాచుకోవాలో తెలుస్తుంది.

ఫ్లయింగ్ స్కూళ్లకు చోటివ్వాలని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఎంచుకున్న విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. రాబోయే ఏళ్లలో ఈ రెండు లెటర్ల పంచాయితీ మరిన్ని ఇళ్లలో జరుగుతుంది. ఆ ఇళ్లలోని పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పిల్లవాడిని రేపటికల్లా సంతకం పెట్టమని తొందర చేయకండి. హామీ గంటలెన్ని, బాండు ఎన్నేళ్లు, కెప్టెన్ ఎప్పుడు, బేస్ ఎక్కడ, జీతం మార్చే హక్కు ఎవరిది అని కంపెనీకి ఈమెయిల్ రాయించండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా పెన్ను అందివ్వకండి.